కోడిపిల్లల పెట్టెలో మెలికల బల్బు

తెనాలి నుంచి రేపల్లె దాకా, ఆ పక్కన బాపట్ల దాకా, కరెంటు పొదుపంటే ఏంటో జనానికి నేర్పిన మొనగాణ్ణి నేనే. ఆ మొనగాడే పెట్టెడు కోడిపిల్లల ప్రాణాల మీదికి తెచ్చాడు. అప్పుడే నవ్వకండి, ఇంకా ఉంది.

సీఎఫ్ఎల్ బల్బులు కొత్తగా ఇళ్లలోకి వస్తున్న రోజులవి. జంతికలా మెలికలు తిరిగిన ఆ బల్బును పట్టుకుని, "బల్బు కొంచెం, వెలుగు ఘనం!" అని ఊరూరా చాటాను. ఊరూరా అంటే, మా వీధిలో. సరే, మా ఇంట్లో.

ఇంట్లో పాత బల్బులన్నీ పీకేసి మెలికలవి పెట్టాను. వరండాలో అట్టపెట్టె మీద వేలాడే బల్బునూ వదల్లేదు. ఆ పెట్టెలో మా ఆవిడ సుగుణ రేపల్లెలో వాళ్లక్క దగ్గర్నుంచి తెచ్చుకున్న తల్లిలేని కోడిపిల్లలున్నాయి. తర్వాత మీటరు ముందు కూర్చున్నాను. చక్రం ముసలెద్దులా నడుస్తోంది. ఆహా!

మర్నాడు ముసురు పట్టింది. మధ్యాహ్నం చూస్తే చక్రం తిరణాల్లో రంగులరాట్నమైంది! ఎవరో మన కరెంటు లాగేస్తున్నారనుకుని, ఇంట గెలవకుండానే రచ్చకెక్కాను. పక్కింటి టైలరు మస్తాన్‌ను గోడ మీంచి కేకేశాను.

"ఏమయ్యా, నీ ఇస్త్రీపెట్టె మా కరెంటు మీద నడుస్తోందా?"

"మాటలు తిన్నగా రానివ్వండి బాబాయ్! నాది బొగ్గుల పెట్టె."

"మరి మా చక్రం ఎందుకు తిరుగుతోంది?"

"నన్నడుగుతారేంటి? మీ ఇంట్లో చూసుకోండి!"

చూశాను. వరండాలో కరెంటు పొయ్యి ఎర్రగా కాలుతోంది. దాని సెగ అట్ట దాటక, పక్కన పెట్టెలో కోడిపిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి వణుకుతున్నాయి.

"నేను పొదుపు చేస్తుంటే పొయ్యి వెలిగించావేంటే సుగుణా?"

"మీ బల్బుకు వెలుగే గానీ వేడేదండీ? పాత బల్బు వేడికేగా ఇవి బతికింది! ఇవి పోతే మా అక్కకేం చెప్పను?"

నా బుర్ర జంతికైంది. బల్బు తిననిది పొయ్యి తింటోంది. మరి నేను పొదుపు చేసినట్టా, చేయనట్టా? వంటింట్లో చేసినట్టే. వరండాలో చేయనట్టే. ఎండాకాలంలో చేసినట్టే. మరి ముసురులో?

గోడవతల నుంచి మస్తాన్ అరిచాడు. "బాబాయ్, లెక్కలు తర్వాత! ముందు పాత బల్బు పెట్టండి!"

ఒక్క గెంతున స్టూలెక్కి బల్బు మార్చి, పిల్లలన్నిటినీ నా చొక్కాలో పొదువుకున్నాను. సాయంత్రానికి అన్నీ కిచకిచమన్నాయి. ఆనాడే ప్రతిజ్ఞ చేశాను: నా కంఠంలో ప్రాణముండగా, దాని కింద ఎవరు పడుకున్నారో అడగకుండా ఏ బల్బూ పీకను.

ఇంతవరకూ నేను రాసింది చదివి సుగుణ కళ్లజోడు తీసింది.

"బల్బు మార్చింది మస్తాను. పిల్లల్ని కొంగులో చుట్టుకున్నది నేను. మీ చేతికి ఒక్కటిస్తే, రెట్ట వేసిందని కింద పడేశారు!"