మాణిక్యాంబ చేతి చిలక

మాణిక్యాంబ పిన్ని ఇంట్లో దొంగకి పనికొచ్చేది ఏదీ లేదు. అందుకే మా వీధిలో అందరి తాళాలూ ఆవిడ దగ్గరే ఉండేవి.

భీమవరంలో మా వీధి సగం రొయ్యల చెరువుల వాళ్ళది. గ్రానైటు మెట్లు, తల ఎత్తితే గానీ పైకొస కనబడని గేట్లు. ఆ మేడల మధ్య ఒక పెంకుటిల్లు. అందులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే సత్యప్రసాద్ బాబాయి, ఆయన భార్య మాణిక్యాంబ అద్దెకుంటారు. పిల్లల్లేరు. నాకు చుట్టాలేం కారు, ఎదురింటివాళ్ళు కాబట్టి పిన్ని, బాబాయి. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, వీధిలో ఏం జరిగినా కనబడేది నాకే.

పిన్ని పుట్టిల్లు ఆత్రేయపురం. చిన్నప్పుడే వాళ్ళమ్మ పక్కన కూర్చుని పూతరేకులు తీయడం నేర్చుకుంది. వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగి, పొర చిరక్కుండా ఎత్తిన చెయ్యి అది. భీమవరం కాపురానికొచ్చాక ఆ చేతికి కుండ లేదు. ఆ పనితనమంతా ముగ్గుకే పోయింది. తామర తీగ, దాని మెలికలు, ఒక మూల చిన్న చిలక. చిలక ముక్కు ఎప్పుడూ గుమ్మం వైపే. పొద్దున్నే ఆ ఇంటి ముందు నుంచి సైకిలు మీద వెళ్ళేవాళ్ళు కూడా పక్కకి తిప్పుకుని వెళ్ళేవాళ్ళు.

ఎవరైనా ఊరెళ్తే తాళం చెవి తెచ్చి పిన్నికిచ్చేవాళ్ళు. ఆవిడ దాన్ని ఖాళీ ఆవకాయ జాడీలో వేసి మూత పెట్టేది. మర్నాటి నుంచి ఆ ఇల్లు ఆవిడదే. పాల ప్యాకెట్టు, పేపరు గేటు దగ్గర పడి ఉండకుండా తీసేసేది. వరండాలో తీగ మీద తడి తువ్వాలు ఆరేసేది. మెట్ల దగ్గర పెట్టడానికి నా పాత చెప్పులు అడిగి పట్టుకెళ్ళింది.

"నావే ఎందుకు పిన్నీ?"

"ఇంట్లో ఏనుగుందనుకోవాలిరా దొంగెదవ."

అన్నిటికంటే ముఖ్యం, గేటు ముందు నీళ్ళు చల్లి ముగ్గెయ్యడం. మా వైపు ముగ్గు లేని గుమ్మం చూస్తే రెండే అనుకుంటారు. ఆ ఇంట్లో ఎవరో పోయారు, లేదా ఆ ఇంట్లో ఎవరూ లేరు. దొంగకి కావలసింది రెండోది.

"రెండు గీతలు గీసి రావే, టీ చల్లారిపోతోంది" అని బాబాయి ఇంట్లోంచి అరిచేవాడు.

"ఇంటావిడ లేదు కదా అని చులకనగా వేసిందనుకోరూ?"

"ఎవరనుకుంటారే? ఊళ్ళో లేనివాళ్ళా?"

"గుమ్మం అనుకుంటుంది."

అలా, ఊరెళ్ళిన ప్రతి ఇంటి ముందూ చిలక వాలేది.

పక్క మేడ సూర్యనారాయణరాజు గారిది. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారికి మోకాళ్ళ నొప్పులు. గేటు ముందు వంగలేక ఒక చుక్క, చుట్టూ నాలుగు వంకర గీతలు లాగి లోపలికి పోయేది. సాయంత్రాలు పిన్ని, ఆవిడ ఆ మేడ మెట్ల మీద కూర్చుని చింతపండు పిక్కలు తీసుకునేవాళ్ళు. ఈ వీధిలో మేడ మెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని పిన్నితో మాట్లాడింది ఆవిడొక్కతే. పిన్నికి మాత్రం ఇంకెవరున్నారు?

పోయిన వేసవిలో రాజుగారి కుటుంబం కాశీ వెళ్ళింది. అదే వారం చివరింటి వాళ్ళు తిరుపతి వెళ్ళారు. వీధిలో మూడు చిలకలు. ఒక పొద్దున పిన్ని పాల ప్యాకెట్టు తీసుకుని రాజుగారి పెరట్లోకి వెళ్తే వెనక తలుపు గడియ విరిగి ఉంది. లోపల బీరువా తెరిచి ఉంది. నరసమ్మ గారికి వాళ్ళమ్మ ఇచ్చిన కాసులపేరు పోయింది. మేం వెళ్ళేసరికి పిన్ని మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో పాల ప్యాకెట్టు అలాగే ఉంది. ఎవరం తీసుకోబోయినా ఇవ్వలేదు. ఆ ఎండకి పాలు విరిగిపోయాయి.

పోలీసులు ముందు అడిగింది పిన్నినే. "తాళం నీ దగ్గరే ఉందటగా అమ్మా?" వీధంతా గేట్ల వెనక నించుని విన్నారు గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. రాజుగారు కాశీ నుంచి వచ్చీ రాగానే, "ఆవిణ్ణి అనుమానిస్తే మా ఇంటి ఆడవాళ్ళని అనుమానించినట్టేనండి" అని గట్టిగా చెప్పాకే వదిలేశారు.

కొన్నాళ్ళకి దొంగ తణుకులో ఇంకో కేసులో దొరికాడు. కాసులపేరు అప్పటికే కరిగించేశాడు. ఎస్సై గారు వాణ్ణి పట్టుకున్న సంగతి చెప్పడానికి రాజుగారింటికి వచ్చారు. జీపు దిగుతూ పిన్ని ఇంటి ముందు ముగ్గు చూసి ఆగిపోయారు.

"ఈ చిలక ఎవరిదండీ?"

పిన్ని కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. మెచ్చుకుంటారనుకుంది పాపం. "నాదేనండి."

"వాడు నిక్కరు, బూట్లు వేసుకుని వాకింగ్‌కి వచ్చినట్టు వచ్చేవాడటండి. ఈ ఇంటి ముందు చిలక రోజూ ఉంటుంది. ఇంకో ఇంటి ముందు కూడా కనబడిందంటే ఆ ఇల్లు ఖాళీ అని పట్టేశాడు. 'సార్, నాకు బోర్డు పెట్టి మరీ చూపించారు' అంటున్నాడు."

అందరం నవ్వాం. బాబాయి కూడా. మాతో పాటు పిన్నీ నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ఆవిడకి అర్థమైంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

సాయంత్రం నరసమ్మ గారి మెట్ల కింద నించుంది, పైకెక్కలేదు.

"నేనే చూపించానండి నరసమ్మ గారూ. రెండు గీతలు గీసి రమ్మన్నారు మా ఆయన. వినలేదు."

"నువ్వేం చేస్తావే మాణిక్యం. మంచికే వేశావు."

"తిట్టండి పోనీ."

"తిడితే అమ్మ కాసులపేరు వస్తుందా? పోనీలే. మోకాళ్ళు లాగుతున్నాయి, పడుకుంటాను."

ఆవిడ మంచి మనిషే. కానీ ఆ మంచితనం కంటే నాలుగు తిట్లే నయం. తిట్టి ఉంటే ఇద్దరూ ఏడ్చి మర్నాడు మళ్ళీ చింతపండు ముందు కూర్చునేవాళ్ళు. అలా జరగలేదు. మోకాళ్ళ నొప్పి ఆ సాయంత్రంతో తగ్గలేదు, ఆ తర్వాతి సాయంత్రాల్లోనూ తగ్గలేదు.

పిన్ని జాడీలో తాళాలన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది. తన గుమ్మం ముందు రెండు గీతలు. చిలక లేదు.

కార్తీకంలో రాజుగారి వాళ్ళు కాకినాడ పెళ్ళికి వెళ్తున్నారని తెలిసింది. ఒకరోజు మంచినీళ్ళ బిందె ఇవ్వడానికి వెళ్తే పిన్ని పెరట్లో గొంతుక్కూర్చుని ముగ్గేస్తోంది. చుక్క, చుట్టూ వంకర గీతలు. నేల నిండా అవే.

"ఏంటి పిన్నీ ఇది?"

"నరసమ్మ గారి ముగ్గురా. ఈ గీత దగ్గర ఆవిడ మోకాలు సలిపి చెయ్యి జారుతుంది, చూశావా? ఆ వంకర నాకు రావట్లేదు. తాళం ఇచ్చేలోపు పట్టేస్తాను."

మర్నాడు రాజుగారింటికి పెయింటరు వచ్చాడు. గేటు ముందు సిమెంటు మీద తెల్లరంగుతో చెరగని ముగ్గేశాడు. గేటు మీద కెమెరా కూడా బిగించారు. నరసమ్మ గారు కారెక్కుతూ పిన్ని ఇంటి వైపు చూసి, "నీకు శ్రమ ఎందుకని వేయించేశానే మాణిక్యం" అంది. పిన్ని "మంచి పని చేశారండి" అంది. కారు వెళ్ళిపోయింది.

తర్వాతి పొద్దున అలవాటు చొప్పున బకెట్టు, ముగ్గు చిప్ప పట్టుకుని ఆ గేటు ముందుకి వెళ్ళింది పిన్ని. నీళ్ళు చల్లింది. రంగు ముగ్గు తడిసి ఇంకా తెల్లగా మెరిసింది. వంగి, వేళ్ళ మధ్య పిండి తీసుకుంది. అటూ ఇటూ చూసింది. వెయ్యడానికి ఎక్కడా చోటు లేదు. కాసేపు అలాగే వంగి ఉండి, పిండి మళ్ళీ చిప్పలో వేసేసుకుంది.