దీక్షా శిబిరంలో నొప్పి వంతు

తెలంగాణ రాష్ట్రం కోసం కోరుట్లలో సాగుతున్న రిలే నిరాహార దీక్షలో ఈరోజు డాక్టర్ల వంతు. గర్భసంచి పొర బయట పెరిగి నెలనెలా నొప్పిపెట్టే ఎండోమెట్రియోసిస్ మీద మన రాష్ట్రం వచ్చాక పరిశోధన జరగాలని, మొదట పిల్లలు కాకపోవడం సంగతి తేల్చాలని పెద్ద డాక్టరు ప్రసంగించాడు. మద్దతుగా వచ్చిన బీడీలు చేసే ఆమె లేచింది.

"పిల్లలైతే నొప్పి పోతదని మీరే అంటిరి గదా సారూ. ముగ్గుర్ని గన్న, పోలే. ముందు నొప్పి సంగతి సూడున్రి."

"ముందు తెలంగాణ రానియ్యమ్మా."

"గది అచ్చేదాంక నొప్పి ఆగుతదా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా బిడ్డదీ అదే నొప్పి; దానికి ఈ పెద్ద డాక్టరే చెప్పిన మందు పెండ్లి. చేశాం. ఇప్పటికీ ముడుచుకొని పడుకుంటుంది.

సాయంత్రం నిమ్మరసంతో డాక్టరుగారి ఆకలి తీరింది. ఆ బీడీల ఆమె నొప్పికి, నా బిడ్డ నొప్పికి వంతు ఎప్పుడో, తెలిసినవాళ్లు చెప్పండి.