వెనక్కి నడిచే బాక్సరు

1979 వేసవిలో తిరువళ్లూరులో జరిగిన జిల్లా బాక్సింగ్ పోటీలకు నన్ను రెఫరీగా వేశారు. అప్పుడు నేను తిరుత్తణిలో ఒక ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టరుని. బాక్సింగ్ సంఘం పెట్టిన పరీక్ష పాసయ్యాను కాబట్టి, పోటీలున్నప్పుడు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని రింగులోకి దిగేవాణ్ణి.

మార్కులు వేయడం రెఫరీ పని కాదు. అది రింగు చుట్టూ కూర్చున్న ఐదుగురు జడ్జీలది. రెఫరీకి ఉన్నవి మూడు మాటలు. ఆపమనడానికి ‘స్టాప్’, పట్టు విడిచి ఒకడుగు వెనక్కి వేయమనడానికి ‘బ్రేక్’, కానివ్వమనడానికి ‘బాక్స్’. తప్పు చేసినవాణ్ణి హెచ్చరించవచ్చు. హెచ్చరికలు ముదిరితే ఎదుటివాడికి మార్కు దక్కుతుంది.

ఫెదర్ వెయిట్ ఫైనల్‌కు ఇద్దరు మిగిలారు. దేవరాజు తిరువళ్లూరు వాడే, బియ్యం మండీలో మూటలు దించేవాడు. అతని కుడిచేతి దెబ్బ పడితే లేవడం కష్టం. ఊరంతా అతని పక్షం. రెండోవాడు మునిరత్నం, కే.జీ.కండిగై అనే పల్లెలో రైతు బిడ్డ, పట్టాభిరామ్‌లో ఒక చిన్న కార్ఖానాలో ఫిట్టరు. ఇతని ఆట చూస్తే జనానికి ఒళ్లు మండేది. గంట కొట్టింది మొదలు వెనక్కే పోతాడు. పోతూ పోతూ ఎడంచేత్తో ముక్కు మీద చిన్నగా ఒకటి తగిలిస్తాడు. ఎదుటివాడు తేరుకుని చెయ్యి విసిరేసరికి అక్కడ ఉండడు. సెమీఫైనల్లో అయితే, బస్సుకు టైమైందా అని జనం తమిళంలో కేకలేశారు.

ఫైనల్ రోజు పొద్దున బరువు తూచేటప్పుడు మునిరత్నాన్ని, ముఖం మీద గీత కూడా పడలేదే అని తెలుగులో పలకరించాను. సిగ్గుపడ్డాడు. పొన్నేరి పక్క పిల్లతో పెళ్లి కుదిరిందట.

“మామ ఒకే మాట చెప్పినాడు సార్. మూతి వాచిపోయి పెండ్లిపీటల మింద కూర్చుంటే పిల్లనియ్యనన్నాడు. ఈపొద్దు ఆయనా వస్తాండాడు.”

పెళ్లి కుదరకముందూ నీ ఆట ఇంతే కదా అన్నాను.

“అప్పుడు మాయమ్మ చెప్పినాది సార్.”

సాయంత్రం సంత మైదానం నిండిపోయింది. మొదటి రౌండు అనుకున్నట్టే సాగింది. దేవరాజు తరిమాడు, మునిరత్నం తగిలించి తప్పుకున్నాడు, రింగులోకి వేరుశనగ తొక్కలు వచ్చిపడ్డాయి. విరామంలో పోటీల పెద్ద, రైసుమిల్లు గోవిందస్వామి నాయుడుగారు తాడు దగ్గరికొచ్చి నన్ను పిలిచారు. జనం తిరగబడితే అద్దె కుర్చీలు మిగలవనీ, ఆ పారిపోయేవాణ్ణి ఒకసారి హెచ్చరిస్తే అందరూ శాంతిస్తారనీ మెల్లగా చెప్పారు.

పోట్లాడకుండా తిరగడం రూలు ప్రకారం తప్పే. కానీ వెనక్కి పోయేవాడు కొట్టి పోతున్నాడా, ఊరికే పోతున్నాడా అన్నది రెఫరీ చూడాలి. మునిరత్నం కొట్టకుండా పోయింది లేదు. కుదరదని నాయుడుగారికి చెప్పేశాను.

రెండో రౌండులో దేవరాజు విసిగిపోయి తల వంచుకుని దూకాడు. తలతో పొడవడం తప్పు కాబట్టి అతన్నే హెచ్చరించాను. దాంతో జనం మునిరత్నాన్ని వదిలి నన్ను పట్టుకున్నారు. మా పూర్వీకుల్ని కూడా తలుచుకున్నారు.

ముందు వరసలో మల్లు పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకడు మొదటి రౌండంతా కళ్లు మూసుకునే ఉన్నాడు. మూడో రౌండు వచ్చేసరికి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

“నిలబడి కొట్రా! ఒకటి తింటే ఏం పోతాది?”

ఆయనే మునిరత్నానికి కాబోయే మామ.

ఆ రౌండు చివర్లో దేవరాజు ఒంట్లో బలమంతా పెట్టి కుడిచెయ్యి విసిరాడు. అది గాలికే తగిలింది. ఆ ఊపుకు తాళ్ల మధ్య నుంచి దూసుకుపోయి జడ్జీ బల్ల మీద బోర్లా పడ్డాడు. జనం ఒకటి, రెండు అని లెక్క మొదలుపెట్టారు. దెబ్బకు పడితేనే లెక్క, తనంతట తాను పడితే లేదు. ఆట ఆపి, అతన్ని పైకి లాగి, గ్లవ్స్ నా చొక్కాకు తుడిచి మళ్లీ ‘బాక్స్’ అన్నాను.

నలుగురు జడ్జీలు మునిరత్నానికే ఇచ్చారు. నేనతని చెయ్యి ఎత్తేసరికి ఒక చెప్పు వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. వెనక వరసలు ముందుకు తోసుకొస్తున్నాయి. అప్పుడు దేవరాజు తాళ్ల దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పైకెత్తాడు. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

“వందు తొట్టు పారుంగ” అన్నాడు. వచ్చి తాకి చూడండి అని. తొమ్మిది నిమిషాలు తిరిగినా తన చేతికి వాడు దొరకలేదనీ, ఓపికున్నవాళ్లు వచ్చి ప్రయత్నించవచ్చుననీ తమిళంలోనే చెప్పాడు. ముందు ఎవరో ఒకరు నవ్వారు, ఆ వెనకే మైదానమంతా నవ్వింది. నాయుడుగారి కుర్చీలు మిగిలాయి.

మామ వచ్చి అల్లుడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మొగం బాగుండాది. ఆటే బాగలేదు” అన్నాడు.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. నేనూ వెళ్లి భోంచేశాను.

మద్రాసులో రాష్ట్ర పోటీలకు నన్ను జడ్జీగా వేశారు. అక్కడ మునిరత్నానికి తనలాంటివాడే ఎదురుపడ్డాడు. ఇద్దరూ వెనక్కే నడిచారు. రెఫరీ ఇద్దరి భుజాలూ పట్టుకుని మధ్యకు తీసుకురావలసి వచ్చింది. ఒక్క జడ్జీ తేడాతో మునిరత్నం ఓడాడు. నేనూ ఎదుటివాడికే మార్కు వేశాను, ఎందుకంటే అతని దెబ్బలు రెండు ఎక్కువ తగిలాయి. ఆ ఆటంత విసుగు పుట్టించిన ఆట నా ఉద్యోగకాలంలో మరొకటి లేదు. అయినా, ఆట రక్తి కట్టిందా అని జడ్జీని ఎవరూ అడగరు. ఎవరి దెబ్బ తగిలిందన్నదే అడుగుతారు. ఆ తర్వాత ఎన్ని పోటీలకు వెళ్లినా నేను చూసింది అదొక్కటే.