సుగుణక్క చేతి గడియారం

ఉతికిన కట్లు ఆరేసిన రోజు మా క్లినిక్‌లో ఒక వాసన ఉంటుంది. బట్టల సబ్బు, తడి నూలు, ఎండ, మూడూ కలిసిన వాసన. ఇవాళ మధ్యాహ్నం డాబా మీది తీగ నుంచి కట్లన్నీ తీసుకొచ్చి, ఒళ్లో పోసుకుని చుట్టడం మొదలుపెట్టాను. రెండో కట్టు సగానికి వచ్చేసరికి, వెనక నుంచి ఎవరో "వదులు చుడుతున్నవ్ పిల్లా" అన్నట్టే అనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఎవరుంటారు? సుగుణక్క పోయి మూడో ఏడు నడుస్తోంది. అయినా చుట్టిందంతా విప్పేసి మళ్లీ మొదటి నుంచి బిగించి చుట్టాను. లేకపోతే నాకు మనసొప్పలేదు.

సుగుణక్క ఫిజియోథెరపిస్టు. హనుమకొండలో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో ఆమె క్లినిక్ ఉండేది. బోదకాలు వచ్చినవాళ్లు, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లు, ఏళ్లుగా నొప్పులు పడుతూ అన్ని దవాఖానలూ తిరిగి "నీకేం లేదు, పో" అనిపించుకున్నవాళ్లు, వీళ్లంతా చివరికి ఆమె మెట్లెక్కేవాళ్లు. నేను హసన్‌పర్తి పిల్లను. చదువు అప్పుడే ముగించి, నాకు తెలియనిది లేదనుకునే వయసులో ఆమె దగ్గర చేరాను. నా నోరు దురుసు, చెయ్యి తొందర. ఈ రెండు సంగతులూ ఆమెకు మొదటిరోజే తెలిసిపోయాయి. పొమ్మనకుండా ఎందుకు ఉంచుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆమె పుట్టింది కాశిబుగ్గలో, మగ్గం ఉన్న ఇంట్లో. చిన్నప్పుడు వాళ్ల నాయనకు కండెలు చుట్టి ఇచ్చిన వేళ్లు అవి. అందుకే కట్టు చుట్టడంలో ఆమెకు ఎవరూ సాటి వచ్చేవాళ్లు కాదు. వాచిన కాలికి కట్టే కట్టు పాదం దగ్గర బిగువుగా ఉండాలి, పైకి పోయినకొద్దీ ఆ బిగువు తగ్గాలి. తలకిందులైతే నీరంతా పాదంలోకే దిగుతుంది. నేను కట్టిన కట్టు మీద ఆమె రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, పైదాకా జరుపుకుంటూ పోయేది. ఎక్కడో ఒకచోట ఆగేది. ఆగిందంటే మొత్తం విప్పాల్సిందే. మొదటి నెల రోజులు నేను కట్టినవాటికంటే విప్పినవే ఎక్కువ. ఇంటికి పోయి మా అమ్మ దగ్గర ఏడ్చేదాన్ని కూడా.

కట్టు కంటే ముందు ఆమె నేర్పాలని చూసింది అడగడం. వాపు ఎప్పుడు మొదలైందంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. రోజూ చూసుకునే ఒళ్లు కదా, మెల్లగా మారితే తెలియదు. "మనిషికి ఎరుక కాకముందే మనిషి మీదున్న వస్తువుకు ఎరుకైతది" అనేది సుగుణక్క. అందుకే ఆమె ప్రశ్నలు వేరుగా ఉండేవి. చెప్పు పట్టీ ఎప్పుడు వదులు చేసినవ్? ఆ ఉంగరం ఈ వేలికి ఎప్పుడు మార్చినవ్? గాజులు సబ్బు పెట్టి తీయవలసి వచ్చింది ఏ పండుగకు? వాళ్లు కాసేపు ఆలోచించి బతుకమ్మ ముందటనో, చెల్లె పెళ్లప్పుడో అని చెప్పేవాళ్లు. అది రాసుకున్నాకే టేపు తీసి, మడమ నుంచి పైకి వేళ్ల లెక్కన జరుపుతూ కొలతలు తీసేది. బొటనవేలితో అదిమి పట్టి, గుంట పడుతుందా, పడితే ఎంతసేపట్లో నిండుతుందో అని చూసేది.

ఒకసారి బట్టల షాపు నడిపేవాళ్ల ఇంటావిడ వచ్చింది. రెండు కాళ్లూ తొడల నుంచి మడమల దాకా లావు, పాదాలు మాత్రం సన్నగా ఉన్నాయి. నేను చూడగానే, అన్నం తగ్గించి పొద్దున్నే నడవమని సలహా పారేశాను. ఆమె తల వంచుకుంది. సుగుణక్క నన్ను పక్కకు జరిపి, ఆమె పిక్క మీద మెత్తగా చెయ్యి వేసి, "ఇట్ల ముట్టినా నొస్తదా చెల్లె?" అని అడిగింది. అంతే, ఆమె ఏడుపు ఆగలేదు. పెద్దమనిషి అయినప్పటి నుంచీ ఆ కాళ్లు అంతేనట, తగిలితే కమిలిపోతాయట, కడుపు మాడ్చుకున్నా తగ్గవట. నొస్తదా అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరట. అది తిండి వల్ల వచ్చింది కాదు, లిపోఎడిమా అనే వేరే జబ్బు. పుస్తకంలో నేనూ చదివిందే. పరీక్షలో అడిగితే పేజీ నిండా రాసేదాన్ని.

అయినా నాకు బుద్ధి రాలేదు. వచ్చి ఉంటే కొమురమ్మ సంగతి జరిగేది కాదు. కొమురమ్మది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. నాట్లకూ కలుపుకూ పోయి బతికే మనిషి. కుడికాలు బోదకాలు. రెండో వేలి మట్టె వాచిన మాంసంలోకి దిగిపోయి, కింద పుండు పడి వాసన వస్తోంది. ఆ రోజు సుగుణక్క లోపల ఇంకొకరికి కట్టు కడుతోంది. నేను కింది షాపుకు పోయి కటింగ్ ప్లేయర్ తెచ్చి, రెండు నొక్కుల్లో మట్టె కోసేసి పళ్లెంలో పడేశాను. పుండు కడిగి మందు పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను. కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది. మరుసటి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

సుగుణక్క ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. సొరుగులో పడేసి ఉంచిన మట్టె ముక్కలు చూపించాను కూడా, గొప్పగా.

"అడిగి కోసినవా?"

"అడిగేదేముందక్కా, పుండు పడ్డది. తియ్యకపోతే వేలు పోతది."

"తియ్యవలసిందే. అడిగినవా అంటున్న."

ఆమె ఆ ముక్కలు రుమాలులో కట్టుకుని, కాశిబుగ్గలో వెండి పని చేసే, తెలిసిన అవుసులాయనతో అతికించి తెచ్చింది. ఆదివారం పూట నన్ను వెంటబెట్టుకుని రైలెక్కించింది. మేం పోయేసరికి కొమురమ్మ చలిజ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. గజ్జల్లో బిళ్ల కట్టింది, కాలు ఎర్రగా కాలిపోతోంది. కోసిన మట్టెకు బదులు అదే వేలికి ఇత్తడి తీగ మెలిపెట్టి ఉంది. నన్ను చూసి గోడవైపు తిరిగింది.

"నా మొగడు కండ్ల ముంగట తిరుగుతాండు. ఆయిన ఉండంగనే నా మట్టె కోసి పళ్లెంల ఏసిన్రు. ఇగ ఏ మొహం పెట్టుకొని రావాలె నేను?" అంది గోడతో.

మా అమ్మ కాళ్లకూ మట్టెలున్నాయి. మా నాయన ఉండగా అవి తీయడమంటే ఏమిటో నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఇంట్లో తెలిసిన సంగతి క్లినిక్‌లో అడుగుపెట్టగానే ఎట్లా మర్చిపోయానో! సిగ్గుతో చచ్చిపోయాను. సుగుణక్క కొమురమ్మ భర్త సారయ్యను పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టింది. తీగ ఆయన చేతే విప్పించింది. రెండో కాలి మట్టె కూడా ఆయన చేతే తీయించింది. అతికించి తెచ్చిన మట్టెనూ దాన్నీ కలిపి, కొమురమ్మ పుస్తెలతాడుకు ఆయన చేతే కట్టించింది. "కాలుకు ఉన్నది మెడకెక్కింది. ఎక్కువైందే గాని తక్కువ కాలే" అంది. కొమురమ్మ ఆ రెండింటినీ పిడికిట్లో పట్టుకుని మావైపు తిరిగింది. జ్వరం తగ్గేదాకా కట్టు పనికిరాదని, ఆ పూటే ఆటో మాట్లాడి డాక్టరు దగ్గరికి పంపాం. ఆటో వచ్చేలోగా సుగుణక్క వాకిట్లో పీట వేసుకుని ఆమె కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా గుడ్డతో ఒత్తింది. నేను చెంబుతో నీళ్లు పోశాను. ఆ కాలికి ఆ రోజు నేను చేసిన వైద్యం అదే.

కొమురమ్మ మళ్లీ వచ్చింది. తర్వాత ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. నేను కూడా మారాననుకున్నాను. మట్టె అడిగేదాన్ని, గాజు అడిగేదాన్ని, చెప్పులు తలుపు దగ్గర విప్పుతుంటే పట్టీ వైపు చూసేదాన్ని. పేషెంట్ల విషయంలో నా కన్ను పడనిది లేదని మురిసిపోయేదాన్ని.

నాలుగేళ్లు గడిచాక ఒక వానకాలం మధ్యాహ్నం, భోజనానికి ఇంటికి బయల్దేరి, ఫోను మర్చిపోయి వెనక్కి వచ్చాను. లోపలి గదిలో సుగుణక్క ఒక్కతే కూర్చుని ఉంది. పొడుగు చేతుల జాకెట్టు ఎడమవైపు పైకి మడిచి ఉంది. కట్టు కొసను పళ్లతో పట్టుకుని, కుడిచేత్తో తన చేతికి తనే చుట్టుకుంటోంది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా వాపు. నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. నాకు చెప్పకుండా ఏందక్కా ఇది, ఎన్ని రోజుల నుంచి అని అరిచాను. ఆమె పళ్ల మధ్య నుంచి కట్టు తీసి నన్ను చూసింది.

"నా గడియారం ఏ చేతికున్నది?"

కుడిచేతికి ఉంది. గోధుమరంగు తోలు బెల్టు గడియారం, ఎప్పుడూ ఎడమచేతికే ఉండేది.

"ఎప్పటి నుంచి ఉన్నది?" అని అడిగింది మళ్లీ.

చెప్పలేకపోయాను. రోజంతా ఆమె ఎదురుగా కూర్చునే నేను చెప్పలేకపోయాను.

నేను చేరకముందే ఆమెకు ఎడమవైపు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిందట. అలాంటివాళ్లకు ఎన్నో ఏళ్ల తర్వాతైనా చెయ్యి వాచవచ్చు. ఆ మాట ఎంతోమందికి చెప్పిన మనిషి. మరి ఎందుకు దాచావంటే, కట్టు కట్టేదాని చేతికే కట్టు ఉంటే వచ్చినోళ్లకు భరోసా ఎట్లుంటదని నవ్వింది. తర్వాత నవ్వు లేకుండా ఇంకో మాట అంది. "నువ్వు అడుగుతవేమో అని చూసిన పిల్లా." ఇన్నేళ్లలో ఎన్నో తిట్లు తిన్నాను, ఏదీ అంత తగల్లేదు.

మరునాడు కొమురమ్మ వస్తే, సుగుణక్క లోపలున్నప్పుడు గొంతు తగ్గించి సంగతి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకెరుకే బిడ్డా. నాట్లప్పుడే చూసిన, గడియారం ఈ చెయ్యి ఇడిసి ఆ చేతికి పోయింది. అడిగితే ఎవలకు చెప్పకన్నది. నువ్వు చూడలేదా?" అంది. అక్క నేర్పిన చూపు ఆమెకు పట్టుబడింది, జీతం తీసుకుని నేర్చుకున్న నాకు పట్టుబడలేదు.

ఆ మధ్యాహ్నం సుగుణక్క ముందు పీట వేసుకుని కూర్చున్నాను. "అక్కా, నేను కట్టనా?" అని అడిగాను. ఆమె చెయ్యి చాచింది. రోజూ మసాజు, కట్టు, వేళ్లు కదిపించడం. కొలతలు మాత్రం తనకు చెప్పొద్దంది. "టేపు లెక్కలు నాకొద్దు. గడియారం మళ్లా ఈ చేతికి రావాలె, అది చాలు." నేను కట్టిన కట్టు మీద తన రెండు వేళ్లతో తనే తడుముకునేది. మొదట్లో రోజూ విప్పించింది. ఒకరోజు ఆ వేళ్లు మణికట్టు నుంచి మోచెయ్యి దాకా ఎక్కడా ఆగలేదు. బాగుందని అనలేదు, చాయ్ పెట్టమంది. ఎగురుకుంటూ పోయి పెట్టాను.

ఆరు వారాల తర్వాత గడియారం ఎడమచేతికి పట్టింది. బెల్టు చివరి చిల్లుకు, ఒరుసుకోకుండా వదులుగానే. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ ఆమె చేతులూపుతూ మాట్లాడింది. కొమురమ్మ దాన్ని చూసి నవ్వితే మేం ముగ్గురం నవ్వుకున్నాం. అంత సంతోషంగా ఆమెను నేను ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

చలికాలంలో పాత జబ్బు తిరగబెట్టింది. చివరి ఇరవై రోజులు హైదరాబాద్ దవాఖానలో ఉంది. నేను వస్తానంటే, కట్ల వైద్యం మధ్యలో ఉన్నవాళ్లను విడిచిపెట్టి రావద్దని ఫోనులో కోప్పడింది. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనుకున్నాను. ఆ వచ్చే ఆదివారానికి ఆమె లేదు.

దినాలయ్యాక ఆమె తమ్ముడు క్లినిక్‌కు వచ్చి గడియారం నా చేతిలో పెట్టాడు. ఆఖరిదాకా ఎడమచేతికే ఉంచుకుందని, నర్సులు తీస్తామన్నా తీయనివ్వలేదని చెప్పాడు. ఆయన వెళ్లాక, ఆమె నేర్పినట్టే, బెల్టు చూశాను. చివరి నుంచి మూడో చిల్లు దగ్గర ఏళ్లనాటి పాత మడత ఉంది. చివరి చిల్లు దగ్గర మేం నవ్వుకున్న నాటి మడత. ఆ రెండింటి నడుమ చిల్లు దగ్గర ఇంకో మడత ఉంది, కొత్తది. నేను చూడని ఆ ఇరవై రోజుల్లో ఆమె బెల్టును ఒక చిల్లు లోపలికి బిగించుకుంది.

ఇప్పుడు క్లినిక్ నేనే నడుపుతున్నాను. గడియారం నా బల్ల సొరుగులో, కొలతల టేపు పక్కన ఉంటుంది. ఎవరొచ్చినా ముందు చేతులు చూస్తాను, తర్వాత మొహం చూస్తాను, అన్నీ అడుగుతాను. కొత్త మనుషులు ఇదేం డాక్టరమ్మ, ఉంగరాల సంగతి, చెప్పుల సంగతి అడుగుతదని నవ్వుతారు. అడగలేనిది ఒక్కటే మిగిలింది. అక్కా, నా కట్టుకు నీ చెయ్యి తగ్గిందా, లేక జబ్బుకు నువ్వే తగ్గిపోయావా?