నిండు బండి దీపాలు

మీ బండి హెడ్‌లైటు వెలుగు ఎదురుగా వచ్చే మనిషి ఒంటి మీద ఏ ఎత్తున పడుతుందో మీకు తెలుసా? మోకాళ్ళ మీదా, ఛాతీ మీదా, కళ్ళలోనా? తెలియకపోతే తెలియదనే చెప్పండి. "షాపువాడు బిగించాడు, బాగానే ఉంటుంది" అనకండి. అది జవాబు కాదు, నమ్మకం. గుడ్డినమ్మకాల మీద నలభై ఏళ్ళుగా వ్యాసాలు రాస్తూ, సభల్లో గొంతు బొంగురుపోయేదాకా వాదించిన నేనే, ఆ ఒక్క నమ్మకంతో ఒక చలికాలమంతా బండి నడిపాను.

నా కారుకు పదకొండేళ్ళు. హెడ్‌లైట్ల అద్దాలు పచ్చబడి, ఎంత తుడిచినా తేటపడని స్థితికి వచ్చాయి. రోజూ తెల్లవారకముందే నా భార్యనూ, మా వీధిలోనే ఉండే మరో ముగ్గురినీ మారికుప్పం స్టేషన్‌లో దింపడం నా పని. నలుగురూ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తారు. మంచులో గుంత ఏదో రోడ్డు ఏదో తెలియక నేను తడుముకుంటుంటే వెనక సీట్లోంచి ఒకామె, "సార్, లైటు ఆర్పేసి అగ్గిపుల్ల గీసుకొని పోదామా?" అన్నది. ఆ వారమే బజారులో ఒక చిన్న షెడ్డుకు వెళ్ళి, కంపెనీది కాని కొత్త హెడ్‌లైట్ల సెట్టు వేయించాను.

పని ముగిశాక మెకానిక్ రెండు నిమ్మకాయలు తెచ్చి ముందు చక్రాల కింద పెట్టబోయాడు. వద్దన్నాను.

"రెండు కాయలు సార్. పెడితే పొయ్యేదేముండాది?"

"పెట్టకపోతే పోయేదేముంది?"

"మీకేం పోదు. నా చేతి పని గదా, నాకు భయం."

"నీ చేతి పనిని నువ్వే నమ్మకపోతే నేనెట్లా నమ్మేదప్పా?"

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. నిమ్మరసం టైరును ఏమి చేయగలదో, ఏమి చేయలేదో పావుగంట సేపు వివరించాను. పక్క అంగట్లో టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. చివరికి అతను కాయలు జేబులో వేసుకున్నాడు. "సరే సార్, మీరే గెలిచినారు. వీటితో రాత్రికి చారు పెట్టుకుంటా. రేపో ఎల్లుండో రోజూ మీ బండెక్కే జనాల్ని ఎక్కించుకొని ఒకసారి రాండి, గోడ కాడ నిలబెట్టి లైటు మట్టం చూస్తా" అన్నాడు.

గెలిచానన్న మాట విన్నాను. మిగతాది చెవిన పడిందే గాని మనసుకెక్కలేదు. మళ్ళీ ఆ షెడ్డు వైపు వెళ్ళలేదు.

మర్నాడు ఉదయం రోడ్డు పక్క నీలగిరి చెట్ల కొమ్మలు కూడా ఆకు ఆకునా కనిపిస్తుంటే కారులో అందరం సంబరపడ్డాం. రోడ్డు మీద పడాల్సిన వెలుగుకు కొమ్మల్లో ఏం పనని ఎవరూ అడగలేదు. ప్రశ్నించడమే వృత్తిగా పెట్టుకున్న నేను కూడా.

మా పక్క లైను ఇళ్ళలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు. బంగారు గని మూసేదాకా లోపల పనిచేసిన మనిషి. రోజూ తన కూతురిని మోపెడ్ మీద అదే రైలుకు దింపి వస్తారు. ఆ అమ్మాయి పదిహేను నిమిషాలు ముందే ప్లాట్‌ఫారం మీద ఉండే రకం. మావాళ్ళు రైలు కూత విని పరుగెత్తే రకం. అందువల్ల రోజూ ఆయన తిరిగి వస్తుంటారు, మేము ఎదురు వెళ్తుంటాం.

ఆ చలికాలంలో ఆయన రెండుసార్లు రోడ్డు దిగిపోయారు. రెండోసారి గని వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బ పక్కనున్న కాలువలో పడి మణికట్టు వాచింది. చూడటానికి వెళ్ళాను.

"ఏమన్నా, కళ్ళు ఆనడం లేదా?"

"బాగా ఆనతాయి సార్. ఎదురుగా లైటు మొహాన కొడితేనే, తెల్లగుడ్డ కప్పినట్టు అయిపోతాది."

ఈ మాటలు చెబుతున్నప్పుడు కూడా ఆయన అలవాటుగా తల కొంచెం పక్కకు వంచి, నా భుజం వైపు చూస్తున్నారు. ఎవరితో మాట్లాడినా అంతే. అది గనిలో దొరల కింద పనిచేసిన తరాల నుంచి వచ్చిన లొంగుబాటని నేను ఏనాడో తేల్చేశాను. "తల ఎత్తి మాట్లాడన్నా, ఇప్పుడు ఎవరికి భయపడాలి?" అని ఎన్నోసార్లు చెప్పాను కూడా. ఆయన "సరే సార్" అనేవారు. తల మాత్రం అలాగే ఉండేది.

ఆయన భార్య చర్చిలో ప్రార్థన చేయించిన నూనె తెచ్చి రెప్పలకు రాస్తోంది. ఆమెతో వాదించి, ఆయన్ను కంటి డాక్టరు దగ్గరికి పంపాను. ఎప్పుడో శుక్లం ఆపరేషన్ అయిన కన్ను బాగుంది, రెండోదీ బాగుంది అని డాక్టరు చెప్పాడు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. కళ్ళు బాగుంటే తప్పు మరెక్కడో ఉండాలి కదా. నేను మాత్రం "అయితే వయసు" అని తీర్పు చెప్పేశాను.

కూతురు మోపెడ్ అమ్మేయాలని నిశ్చయించుకుంది. సుగటూరు రైతు ఒకాయన ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. బండి పోతే ఆమె బెంగళూరులో హాస్టల్లో చేరాలి. ఇల్లు ముసలివాళ్ళిద్దరికీ మిగులుతుంది. ఆయనకు రోజు మొత్తంలో తనదంటూ ఉన్న ఒక్క పనీ పోతుంది. శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళి, వయసును ఒప్పుకోవడం కూడా వివేకమేనని ఆయనకు నచ్చజెప్పబోయాను.

"వయసు కాదు సార్, మీ కారు" అన్నది ఆ అమ్మాయి.

"ఊరికుండమ్మా" అన్నారు పెద్దాయన.

"ఎందుకు ఊరికుండల్ల నాయనా? రెండుసార్లూ మీ కారే సార్. సార్‌కి చెప్పొద్దు, నొచ్చుకుంటాడు అని నాయనే అన్నాడు. తన చెయ్యి ఇరిగినా సరే, సార్ నొచ్చుకోకూడదు."

నేను క్షమాపణ చెప్పలేదు. ఆధారం అడిగాను. హైబీమ్ వాడనే వాడననీ, చీకట్లో ఎదురుగా వచ్చే బండిని గుర్తుపట్టడం కష్టమనీ ఒకదాని వెంట ఒకటి చెప్పాను. పెద్దాయన ఓపికగా విని, "సాయంకాలం మా లైను పక్కన గోదాము గోడ కాడ చూద్దాం రాండి సార్. మీరూ చూస్తారు, నేనూ చూస్తా" అన్నారు. పరీక్షకు రమ్మంటే కాదనే హక్కు నాకు లేదు.

చీకటి పడుతుండగా కారును గోడకు పాతిక అడుగుల దూరంలో నిలిపాను. హెడ్‌లైటు నడిమి ఎత్తును నేల నుంచి టేపుతో కొలిచి, అదే కొలత గోడ మీద వేయబోతే ఆయన ఆపారు. "నేల వాలుగా ఉండాది సార్, టేపు అబద్ధం చెప్తాది." ఇంట్లోంచి నీళ్ళ ట్యూబు తెప్పించారు. తాపీవాళ్ళు మట్టం చూసే సన్నటి ప్లాస్టిక్ గొట్టం. ఒక కొస దీపం దగ్గర, మరో కొస గోడ దగ్గర పట్టుకుని, నీళ్ళు నిలిచిన చోట సుద్దతో గీత గీశారు.

లైటు వేశాను. వెలుగు అంచు గోడ మీద కత్తితో కోసినట్టు నిలిచింది. సుద్దగీతకు నాలుగు వేళ్ళు కింద. ఉండాల్సింది సరిగ్గా అక్కడే.

"చూశావా అమ్మా?" అన్నాను. సభలో వాడే గొంతే వచ్చింది.

పెద్దాయన తల గోక్కుని, "ఖాళీ బండిలో యాడికి పోతారు సార్ మీరు?" అన్నారు.

నా భార్యనూ మిగతా ముగ్గురినీ పిలిపించాం. "పొద్దున ఎక్కేది చాలదా సార్? రైలు యాడ?" అంటూ ఒకామె, "సంచులు గూడా తేవాల్నా?" అంటూ ఇంకొకామె. "తేండమ్మా, ఏదీ మరవద్దు" అన్నారు పెద్దాయన. సంచులు డిక్కీలోకి వెళ్ళాయి, ముగ్గురు వెనక, నా భార్య ముందు, నేను స్టీరింగు దగ్గర. పాత స్ప్రింగులు మూలుగుతూ కారు వెనకభాగం కుంగింది. ముక్కు లేచింది. వెలుగు అంచు సుద్దగీతను దాటి అరజానెడు పైకి పోయి ఆగింది.

పాతిక అడుగుల దగ్గర అరజానెడు చిన్న తేడానే. నూటయాభై అడుగుల దగ్గర అది మోపెడ్ మీద కూర్చున్న మనిషి కళ్ళు. జనాల్ని ఎక్కించుకొని రమ్మన్న మెకానిక్ మాట అప్పుడు గుర్తొచ్చింది. అతని భయాన్ని ఎగతాళి చేసే ఊపులో అతని నైపుణ్యాన్ని కూడా విసిరికొట్టాను. హేతువాదం పేరుతో నేను చేసిన పని అది.

దిగి, "తప్పు నాదేనన్నా" అన్నాను.

"లోపల పనిలో మొదటి రోజు నేర్పించేది ఇదే సార్. టోపీకి లైటుంటాది. ఎదురొచ్చినోడి మొహం మీద కొడితే వాడికి పావుగంట ఏమీ కనపడదు. కాలు తప్పినాడంటే షాఫ్టు గుంతలో పడి పోతాడు. అందుకే తల పక్కకి తిప్పి మాట్లాడల్ల. ఇంగ ఆ అలవాటు పోలేదు."

ఆయన నా భుజం వైపు చూస్తూనే చెప్పారు. ఇన్నేళ్ళుగా నేను బానిసత్వమని పేరు పెట్టి సరిదిద్దబోయినది, ఎదుటివాడి ప్రాణం పట్ల ఆయన నేర్చుకున్న మర్యాద. తల దించుకోవాల్సి వచ్చింది.

బానెట్ ఎత్తితే ప్రతి లైటు వెనకా ఒక చిన్న ప్లాస్టిక్ మర ఉంది. అందరూ కారులో కూర్చునే ఉండగా ఆయన స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా తిప్పారు. అంచు దిగి దిగి గీతకు నాలుగు వేళ్ళ కిందికి వచ్చింది, రెండు వైపులా సమంగా. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు వెలుగు ఇప్పుడు దగ్గరగానే పడుతుంది. ఆ మేరకు నెమ్మదిగా నడుపుతున్నాను.

తర్వాత నేను కారును వీధి వైపు తిప్పి నిలిపాను. ఆయన కూతురిని వెనక కూర్చోబెట్టుకుని, వాపు తగ్గిన చేత్తోనే మోపెడ్ వీధి చివరిదాకా తీసుకెళ్ళి, నా నిండు కారుకు ఎదురుగా నడుపుకుంటూ వచ్చారు. పక్కన ఆపగానే, "ఎట్లుండాది?" అని అడిగాను.

"రోడ్డు కనిపించింది సార్. మీ మొహం గూడా" అన్నారు నవ్వుతూ.

కూతురు నవ్వలేదు. "మీ ఒక్క కారు లైటు దిగింది సార్. ఆ రైలుకి వచ్చేవి ఇంగెన్ని కార్లుండాయి?" అన్నది.

ఆదివారం సుగటూరు రైతు కాఫీ తాగి ఖాళీ చేతులతో వెళ్ళాడు. ఒక నెల చూస్తాననీ, ఆ నెలలో నాయన ఒక్కసారి తడబడినా మోపెడ్ పోతుందనీ ఆమె షరతు పెట్టింది. అప్పటి నుంచి ఉదయం స్టేషన్ బయట నేను కార్లు ఆపి మాట్లాడుతున్నాను. ఒకాయన "మాది కంపెనీ ఫిట్టింగు" అన్నాడు. ఇంకొకాయన నన్ను చందాలవాడనుకున్నాడు. గోదాము గోడ దగ్గరికి వచ్చినవాళ్ళు ఇప్పటికి ఇద్దరే. నెల ఇంకా పూర్తికాలేదు.

ఆ రోడ్డు మీద మీరు లేకపోవచ్చు. మీ రోడ్డు మీద ఆయనలాంటి మనిషి తప్పకుండా ఉంటాడు. ఈ సాయంత్రమే మీ బండిలో రోజూ ఎక్కేవాళ్ళందరినీ ఎక్కించండి. గోడకు పాతిక అడుగుల దూరంలో నిలపండి. వెలుగు అంచు దీపం ఎత్తుకు నాలుగు వేళ్ళ కిందికి వచ్చేదాకా మర తిప్పండి, చేతకాకపోతే మెకానిక్ చేత తిప్పించండి. ఆ తర్వాతే రోడ్డెక్కండి.