సాన మావయ్య చూసిన నీలి నలుసు

రాళ్ళ చదువు చదివే పిల్లలంతా ఆయన్ని సాన మావయ్య అనేవాళ్ళు. కాలేజీ కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న గదిలో, ముప్పైరెండేళ్ళు రాళ్ళు సానపట్టాడు. వరండాకి ఇవతల నా బైండింగు దుకాణం. మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చేవాడు. రాళ్ళ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ టీల దగ్గర విన్నవే.

ఆయన పని ఇది. రాయిలోంచి వజ్రపు రంపంతో బిస్కట్టంత ముక్క కోయాలి. ఒక ముఖం నున్నగా చేసి, చిన్న గాజుపలకకి అతికించాలి. తరవాత రెండో వైపు అరగదీస్తూ పోవాలి. ముందు యంత్రం మీద, చివర్న దళసరి అద్దం మీద గరుకు పొడీ నీళ్ళూ వేసి, చేత్తో గుండ్రంగా తిప్పుతూ. వెంట్రుకలో సగం మందానికి వచ్చేసరికి ఎంత నల్లరాయైనా వెలుగుని తనలోంచి పోనిస్తుంది. అప్పుడు సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో ఏ ఖనిజం ఎక్కడుందో తెలుస్తుంది.

"సరిపోయిందని ఎలా తెలుస్తుంది మావయ్యా? కొలబద్ద పెడతారా?" అని ఒకసారి అడిగాను.

"కొలబద్దకి అందితే నాకెందుకు జీతం ఇస్తారు తమ్ముడూ? రంగు చూడాలి. ఈ రాళ్ళలో ఫెల్స్పార్ అని ఒకటుంటుంది. మందంగా ఉన్నంతసేపూ సూక్ష్మదర్శినిలో పసుప్పచ్చగా కనబడుతుంది. పసుపు పోయి తెలుపొచ్చిందా, చెయ్యి తీసెయ్యాలి. ఇంకో పది చుట్లు తిప్పితే రాయుండదు, అద్దం మిగుల్తుంది."

"మీ చెయ్యి ఎప్పుడూ జారలేదా?"

"మొదటి ఏడాది జారింది. అప్పటి మేష్టారు ఆ ఉత్తి అద్దం వెలుతురులో పెట్టి చూసి, 'బాగా తోమావు, మా ఇంట్లో గిన్నెలు కూడా ఉన్నాయి, వస్తావా' అన్నారు."

ఆ తరవాత జారలేదు. ఏడాదికి మూడు వందల స్లైడులు, అన్నీ ఒకే మందం. వేరే ఊళ్ళ నుంచి కూడా రాళ్ళు పంపేవాళ్ళు.

ఇరవై ఏళ్ళ కిందట ఒక అగ్నిపర్వతపు గుట్ట నుంచి వచ్చిన రాయిని అరగదీస్తుంటే ఆయనకి ఒక నీలి నలుసు కనబడింది. గసగసాల గింజంత. కాలేజీ మేష్టార్లు చూసి, కార్డియరైట్ అనే ఖనిజం అన్నారు. నీలంగా ఉండేది మామూలుగా అదే. ఈయన ఒప్పుకోలేదు. స్లైడుని సూక్ష్మదర్శిని కింద ఒక పద్ధతిలో పెట్టి తిప్పితే, గింజ నడుమ నల్లటి ప్లస్ గుర్తు కనబడుతుందట. కార్డియరైట్‌లో అయితే తిప్పేకొద్దీ అది రెండుగా విడిపోతుంది. ఇందులో విడిపోలేదు. గ్రంథాలయంలో లావుపాటి పుస్తకం తిరగేసి, దాని పేరు ఒసుమిలైట్ అనీ, లావా రాళ్ళలో ఎక్కడో అరుదుగా దొరికే సిలికేట్ ఖనిజమనీ వెతికి పట్టుకున్నాడు. వెళ్ళి చెప్తే, "మావయ్యా, నువ్వు అరగదియ్యి, మేం చూస్తాం" అని నవ్వి ఊరుకున్నారు. ఆ స్లైడు ఎవరో చూసిస్తామని తీసుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదు. ఆ గుట్టని కంకర కోసం నేలమట్టం చేశారు. ఆయన దగ్గర మిగిలింది కోయగా మిగిలిన బొటనవేలంత తునక. దాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో దాచుకున్నాడు.

ఇన్నేళ్ళకి ఒక అమ్మాయి వచ్చింది పరిశోధనకి. ఎవరేం చెప్పినా పూర్తిగా వినేదాకా కదలదు. మావయ్య చెప్పింది విని, తునకని భూతద్దంలో చూసి, "అంచున ఇంకో నీలి నలుసుంది మావయ్యా. స్లైడు చేసివ్వండి. పరీక్షకి పంపిస్తాను. మీరన్నదే నిజమైతే నా పుస్తకంలో మీ పేరు పెట్టి రాస్తాను" అంది.

ఆ వారం ఆయన కాలు నేలమీద నిలవలేదు. టీ సగం తాగి లేచిపోయేవాడు. "ఒకటే నలుసు తమ్ముడూ. ఒకటే. అదీ అంచున. అంచులే ముందు అరిగిపోతాయి, నిదానంగా చెయ్యాలి."

ఇంట్లో అత్తయ్య మాత్రం కొన్నాళ్ళుగా వేరే గొడవ పడుతోంది. ఆయన పాలు విరిగాయంటాడు, విరగవు. తెల్ల చొక్కా సరిగ్గా ఉతకలేదంటాడు. "కళ్ళు చూపించుకోండి అంటే వినరు. మొన్న మా తమ్ముణ్ణి పట్టుకుని కరెంటు బిల్లు తెచ్చావా అని అడిగారు" అని నాతో చెప్పి నవ్వింది. ఆయన, "వాడు ఎప్పుడూ చేత్తో కాయితం పట్టుకునే వస్తాడు, నేనేం చెయ్యను" అని తోసేశాడు. శుక్లం వచ్చిందన్న సంగతి డాక్టరు చెప్పకముందే తనకి అనుమానం ఉందని నాకు తరవాత ఒప్పుకున్నాడు. చెబితే తునక ఇంకొకరి చేతికిస్తారని భయం.

ఒక సోమవారం పొద్దున్న తలుపేసుకుని మొదలుపెట్టాడు. రెండు గంటల తరవాత బయటికొచ్చి ఆ అమ్మాయిని పిలిచాడు. జరిగింది ఆ అమ్మాయే నాకు చెప్పింది.

"తల్లీ, బల్బు మసగ్గా ఉంది. నలుసు ఎక్కడుందో దొరకట్లేదు. నీ కుర్రకళ్ళతో చూడు."

ఆమె సూక్ష్మదర్శినిలోకి వంగి చాలాసేపు తల ఎత్తలేదు. "మావయ్యా, ఇది తెల్లబడి ఎంతసేపైంది?"

"ఎక్కడ తెల్లబడింది? ఇంకా పచ్చగానే ఉందిగా."

ఆయనకంటే ముందు ఆమెకి అర్థమైంది. బల్ల మీదున్న కాగితం తీసి చూపించింది. "ఇది ఏ రంగు మావయ్యా?"

"తెలుపే. కాస్త పాతదిలే, పచ్చబారింది."

అది ఆ పొద్దున్నే నా దుకాణంలో కట్ట విప్పి ఇచ్చిన కాగితం.

శుక్లం వచ్చిన కళ్ళకి తెలుపు కూడా పచ్చగానే ఉంటుంది. తెలుపొచ్చిన క్షణం ఆయనకి కనబడనేలేదు. పసుపు పోలేదనుకుంటూ తిప్పుతూనే ఉన్నాడు. అంచు మొత్తం పోయింది. నడుమ మిగిలిన రాయి కూడా చిల్లులు పడి ఉంది. ఆయన అద్దం మీది బూడిదరంగు బురదని రేకుతో గీకి, ఒక సీసా మూతలోకి ఎత్తాడు.

"ఇందులోనే ఉంది తల్లీ. ఎక్కడికీ పోలేదు."

"ఉంది మావయ్యా" అంది ఆమె.

గరుకు పొడిలో కలిసిన ఆ పిండిలోంచి దాన్ని ఎవరూ ఏరలేరని ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ కాలేజీలో లేరు. అయినా ఆ మూత వారం రోజులు కిటికీలో పెట్టుకున్నాడు. లోపలి బురద ఎండి, పగుళ్ళిచ్చింది.

కళ్ళకి ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పిన రోజు అత్తయ్య మొహం చూసి, "నువ్వింత తెల్లగా ఉంటావా?" అన్నాడట. "ముప్పైయేళ్ళకి తెలిసిందా మీకు" అని ఆవిడ నవ్విందట. మర్నాడు ఆయన గదికొచ్చి ఆ స్లైడుని మళ్ళీ సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఈసారి అంతా స్పష్టంగా కనబడింది. తను ఎక్కడ ఆపాల్సిందో, ఎంత దూరం వచ్చేశాడో, అన్నీ. నా దగ్గరికి టీకి రాలేదు.

ఇంకో రెండేళ్ళకి ఆ అమ్మాయి పరిశోధన పూర్తయింది. గ్రంథం కాగితాలు బైండింగుకి నా దగ్గరికే తెచ్చింది. వెనకే మావయ్య వచ్చాడు. "అందులో నా గురించి రాశావటగా. చదువు" అన్నాడు. ఆమె నూటపన్నెండో పేజీ తీసి చదివింది. ఈ రాతిలో ఒసుమిలైట్ ఉన్న సంగతి తొలిసారి గుర్తించినది ఈయనేనని, పక్కన ఆయన పూర్తి పేరు.

"తీసెయ్" అన్నాడు.

"ఎందుకు తీస్తాను? మీరు చూశారు కదా."

"నువ్వు చూశావా?"

"నీలం చూశాను."

"నీలం చూశావు. ప్లస్ గుర్తు చూశావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"రేపెవడో స్లైడు చూపించమంటాడు. ఏం చూపిస్తావు, నేను తోమిన అద్దమా? ఈ ఒక్క వాక్యం పట్టుకుని మిగతా పుస్తకమంతా నమ్మడు. మూడేళ్ళ కష్టం తల్లీ నీది."

"మీరన్నది నిజమని నాకు తెలుసు మావయ్యా."

"నాకూ తెలుసు. తెలియడం వేరు. నా పేరు ముందుమాటలో రాళ్ళు కోసినవాళ్ళలో వేశావుగా, అది నిజం. అది ఉంచు."

ఆ అమ్మాయి నా స్టూలు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. వెళ్ళి పేజీ మార్చి అచ్చువేయించి తెచ్చేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. కొత్త పేజీని తనే చదువుకున్నాడు, కళ్ళజోడు లేకుండా. ఆ వాక్యం లేదు. కింది పేరా పైకి జరిగింది, అంతే.

కుట్టడం అయ్యాక అంచులు కోయడానికి పుస్తకాన్ని కత్తెర యంత్రం కింద పెట్టాను.

"ఎంత కోస్తావు?" అన్నాడు.

"వేలి మందంలో సగం, మావయ్యా."

"అక్షరాలు పోవు కదా?"

"పోవు. చుట్టూ ఖాళీ వదిలారు."

"సరిగ్గా చూశావా?"

చూశానన్నాను. ఆయన వంగి, నా చెయ్యి పక్కకి జరిపి, తనే ఇంకోసారి చూశాడు.