ముడుల తాడు

మా తాత కత్‌బర్ట్‌కి ఎవరినో ఒకరిని కొలవనిదే రొట్టె గొంతు దిగేది కాదు. నడుముకి చుట్టుకున్న ముడుల తాడు విప్పి, పుట్టిన బిడ్డనైనా, పెళ్లికూతురినైనా, ప్రసంగం మధ్యలో ఉన్న ఫాదర్‌నైనా కొలిచి, కొలతకో ముడి వేసుకునేవాడు.

"శవపేటికకా, కత్‌బర్ట్?" అని ఫాదర్ పళ్లు నూరేవాడు.

"దానికింకా వేళ రాలేదు ఫాదర్. ముందా పొట్ట లోపలికి పీల్చకండి, కొలత తప్పుతోంది!"

తాత రాతిపని మేస్త్రీ. మా హెథర్‌బర్న్ చర్చికి గంటగోపురం కట్టమంటే, నిలువెడు మందాన గోడలు లేపి, ఒక్క మనిషి పట్టే గుమ్మం పెట్టి, పైన కోటకున్నట్టు పళ్లపళ్ల పిట్టగోడ కట్టాడు. సరిహద్దు ఏరు దాటి దొంగలదండు వస్తే ఊరికి వేరే దిక్కు లేదు మరి. అలాంటి గోడకి లండన్‌లోని రాజుగారి అనుమతి కావాలి. తాత అడగలేదు.

ఒకనాడు ఓస్బర్ట్ అనే రాజాధికారి గుర్రం దిగాడు. గుర్రం హమ్మయ్య అనుకుంది, అంత పొట్ట ఆయనది. "అనుమతి లేని కోట రాజద్రోహం! రేపటికల్లా పడగొట్టండి!" అని ఆజ్ఞ చదువుతుంటే, తాత ఆయన నడుం చుట్టూ తాడు తిప్పాడు.

"ఏం చేస్తున్నావురా ముసలోడా?"

"తమరి పని తమరు కానివ్వండి దొరా, నా పని నాది. రాజుగారేమో పన్నెండు రోజుల దూరం, దొంగలేమో ఒక్కపూట దూరం. ఎవరి కోసం ఆగమంటారు? ఒక్క రాయి కదిలించాలన్నా ముందు నన్ను కదిలించాలి."

"ఉరి తీయిస్తా!"

"తీయించండి. నా మెడ కొలత కూడా ఈ తాడులోనే ఉంది."

అంతలో గంట మోగింది. ఏటి గట్టున పొగ! ఊరంతా గోపురంలోకి పరుగు. ఓస్బర్ట్ దొర గుమ్మంలో ఇరుక్కున్నాడు.

"పక్కకి తిరగండి, జానెడు మిగులుతుంది," అన్నాడు తాత. సరిగ్గా జానెడే మిగిలింది.

లోపల చూస్తే, నడవలేని ఐసోల్డా అవ్వకి ఆమె మోకాలెత్తున రాతి అరుగు. బాలింతకి గాలి తగలని మూల. ఫాదర్‌కి పొట్టతో సహా పట్టే గూడు. ఇన్నాళ్లూ ఊరు వెక్కిరించిన కొలతలన్నీ గోడల్లో ఉన్నాయి. ఒక్కచోటు మాత్రం ఖాళీ.

"ఇదెవరిది?" అన్నాడు ఓస్బర్ట్ రొప్పుతూ.

"నాదే. కూర్చోండి. నేను పైన పిట్టగోడ వెనకాల నిలబడతా. గోపురం రేపటిదాకా ఉంటుందిగా!"

దొంగలు చీకటి పడేదాకా గోడకి తలలు బాదుకుని పోయారు. ఓస్బర్ట్ కూడా ఆజ్ఞని చుట్టి సంచిలో పెట్టుకుని గుర్రమెక్కాడు.

నెల తిరిగేసరికి రాజముద్రతో అనుమతి వచ్చింది. దాంతోపాటు ఓస్బర్ట్ పంపిన మూడు ముడుల తాడు, ఒక చీటీ. ఫాదర్ చదివాడు: "చివరి ముడి దాకా మా ఆవిడ, ముందువి పిల్లలు. ఎప్పుడైనా అటు రావలసొస్తే..."

"అనుమతి ఎవరడిగారు?" అంటూ తాత ముద్రకేసి కన్నెత్తయినా చూడలేదు. తాడు మాత్రం గుమ్మానికి ఆనించి చూసి, లోపల ఇంకో మూడు గూళ్లు చెక్కడానికి ఉలి అందుకున్నాడు.

"ఈవిడా పక్కకి తిరగాల్సిందే!"